బతికున్న ఎలుకలే కావాలి

మార్చి 4

నోటి దురుసులో నన్నూ నాన్ననూ కూడా మించిపోయిన మా పిడుగుకి, అన్నయ్య రాస్తున్నది.

ఇక్కడ నేను కులాసా. మోకాళ్ళు మాత్రం నాతో మాట్లాడటం మానేసి తమలో తాము మాట్లాడుకుంటున్నాయి. మెట్లెక్కుతుంటే ఆ సంభాషణ పక్కింటివాళ్ళకి కూడా వినబడుతుంది. ఈ ఉత్తరం ఎప్పటిలాగే మన పిన్ని కొడుకు పిండి డబ్బాలో దాచి తెస్తాడు. యుద్ధం వచ్చి మీ ఒడ్డుకీ మా ఒడ్డుకీ టపా ఆగిపోయినా, వాడు వంట చేసే ఓడ మూడో దేశపు జెండా కట్టుకుని రెండు రేవులకీ తిరుగుతూనే ఉంది. కాయితం మీద పిండి ఉంటే దులిపి చదువు. మొన్న నీ ఉత్తరం దులపకుండా చదివి తుమ్మితే, నువ్వు నన్ను తిట్టిన భాగమంతా తడిసి చెరిగిపోయింది. ఏం తిట్టావో ఈసారి మళ్ళీ రాయి.

ఇంతకీ అసలు సంగతి. నాకు టోపీ ఇచ్చారు.

నవ్వకు. మన ఇంట్లో ఎలుకలు పట్టడం తాతల నాటి వృత్తి. నిన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా" అని అడిగితే, "ధాన్యాగారాల సంరక్షణ" అని నువ్వు తడుముకోకుండా చెప్పావు. బావ ఆ మాటకే పడిపోయాడు. పెళ్ళయ్యాక నాన్న రెండు బోన్లు భుజాన వేసుకుని ఎదురొస్తే, పాపం, కాసేపు నోరు మూసుకోవడం మరిచిపోయాడు. అంత గౌరవమైన వృత్తి మనది.

పోయిన నెల సైన్యంవాళ్ళు మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీని తీసుకున్నారు. ఆ మర్నాడే నా గుమ్మం ముందు జీపు ఆగింది. నడుం దాకా రబ్బరు బూట్లు తొడుక్కున్న ఒక కుర్ర డాక్టరు దిగి, "పెద్దాయనా, మాకు ఎలకలు కావాలి. చచ్చినవి వద్దు, బతికున్న ఎలకలే కావాలి" అన్నాడు. నేను బిత్తరపోయాను. ఇన్నేళ్ళలో ఎలుక బతికుండాలని కోరినవాణ్ణి నేను చూడలేదు. "ఎందుకు బాబూ?" అంటే, "మందు తయారుచెయ్యడానికి" అన్నాడు. సరే, మందంటే పుణ్యమే కదా అనుకున్నాను. అప్పటినుంచి పొద్దున్నే తోపుడుబండి మీద బోన్లు పేర్చుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర అప్పగిస్తున్నాను. గేటు దాటి లోపలికి ఎవరినీ రానివ్వరు. లోపలికి పోయిన ఎలుక మాత్రం తిరిగి రాదు.

గేటు కాపలావాడు అడ్డగించకుండా ఉండాలని టోపీ ఇచ్చారు. నిన్నటిదాకా "ఒరే ఎలకలోడా" అన్న మంగలి, టోపీ చూసి "ఎలకల గారూ" అన్నాడు. ఊళ్ళో ఎలుకలు పల్చబడ్డాయి. పిల్లులు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాయి, వాటి నోటి దగ్గర కూడు లాక్కున్నానని.

నీ కూతురూ అల్లుడూ ఇంకా ఆ సైన్యపు కుట్టుపని షెడ్లలోనే ఉన్నారా? మనవరాలు మీ దగ్గర అల్లరి చేస్తోందా? బుజ్జిదానికి ఊడిన ముందుపళ్ళు మళ్ళీ వచ్చాయో లేదో రాయి. బావని అడిగానని చెప్పు.

టోపీతో సహా నీ
అన్నయ్య


మార్చి 27

టోపీ పెట్టుకున్న ఎలుకల దొరవారికి, వట్టి తలతోనే బతుకీడుస్తున్న చెల్లెలు రాసుకున్నది.

పోయినసారి నేనేం తిట్టానని అడిగావు. "ముసలాడివయ్యావు, రాత్రిపూట అన్నం మానేసి కబుర్లు తిని పడుకోకు" అని రాశాను. ఇప్పుడు టోపీ కూడా తింటున్నావేమోనని మీ బావకి అనుమానం.

బావ రోజూ గోదాముకి వెళ్ళి కాటా ముందు నిలబడుతున్నాడు. తూచడానికి గింజ లేదు, ఉన్నదంతా సైన్యానికి పోయింది. కాటా తుడిచి, పళ్ళెంలో తనే కూచుని తూచుకుని ఇంటికొస్తున్నాడు. "ఇవాళ ఇంకాస్త తగ్గానే" అని, అదేదో పరీక్ష పాసయినట్టు చెబుతున్నాడు. బుజ్జిదానికి ఒక పన్ను వచ్చింది, రెండోది రానంటోంది. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుని మా ప్రాణం తీస్తోంది.

ఇక్కడో వింత జరిగింది. మీవాళ్ళ విమానం ఒకటి మా వీధి మీద నుంచి బాగా కిందుగా పోయింది. రెక్కల మీద గుర్తు నా కళ్ళతో చూశాను. అందరం మెట్ల కిందికి దూరాం. బాంబు లేదు, చప్పుడు లేదు. బయటికొచ్చి చూస్తే వీధి నిండా గోధుమలు! మధ్య మధ్య గుడ్డ పీలికలు, దూది ఉండలు. మేం గింజ మొహం చూసి ఎన్నాళ్ళయిందో. బావ చీపురు పుచ్చుకుని మొత్తం ఊడ్చి కొంత కోళ్ళకి వేశాడు, కొంత గోదాము అరుగు మీద ఆరబోశాడు. బుజ్జిది గౌనులో పోసుకుని వచ్చింది. మీవాళ్ళకి మా మీద జాలి పుట్టిందా, లేక విమానంలో బస్తా చిరిగిందా? నీకేమైనా తెలుసా?

ఆ గింజలకేనేమో, గోదాము ఎలుకలన్నీ బయటపడ్డాయి. అయితే వాటి తీరు బాగాలేదన్నయ్యా. పట్టపగలు తాగుబోతుల్లా తూలుకుంటూ వచ్చి ముంగిట్లో పడి చచ్చిపోతున్నాయి. నిన్న ఒకటి నా చెప్పు మీదికి ఎక్కి అక్కడే ప్రాణం విడిచింది. మనిషిని చూసి పారిపోవడం లేదు. వీధిలో అందరూ నన్నే అడుగుతున్నారు, "మీ పుట్టింటివాళ్ళు ఎలకలవాళ్ళు కదమ్మా, ఏం చెయ్యాలి?" అని. చూశావా, ధాన్యాగారాల సంరక్షణ అని ఎంత దాచినా దాగలేదు. ఏం చేయాలో వెంటనే రాయి. నువ్వు చెప్పినట్టే చేస్తాను.

బుజ్జిది నీకు ఒక ఈల పంపింది. కాయితం మీద ఎలా పెట్టాలో తెలియక ఇక్కడే ఉంచాను.

నీ
పిడుగు


ఏప్రిల్ 9

ఇన్నాళ్ళ తర్వాత నన్ను సలహా అడిగిన చెల్లెలికి,

అడిగింది నువ్వు, అదీ ఎలుకల గురించి. ఇక నన్ను ఆపేవాడు లేడు. దీపం దగ్గరికి జరుపుకుని చదువు.

నేను బడికి వెళ్ళింది ఎలుకలు పట్టడానికేనని నీకు తెలుసు. వెనక బల్ల పక్కన బోను పెట్టుకుని కూచుని, ఒక చెవి ఎలుక మీద, ఇంకో చెవి పంతులు మీద వేసి చదువుకున్నాను. అందుకే నా పాఠాలన్నీ సగంలోనే ఆగిపోయాయి. భూమి గుండ్రంగా ఉందని విన్నాను. ఎందుకు గుండ్రంగా ఉందో చెప్పేలోపు బోను మూతపడింది. ఇప్పటికీ భూమి గురించి నాకు తెలిసింది అంతే. ఎలుక గురించి మాత్రం పూర్తిగా తెలుసు, ఎందుకంటే అది నేర్పింది పంతులు కాదు, నాన్న.

కాబట్టి విను. గోధుమలు మావాళ్ళు జాలిపడి చల్లారంటే నేను నమ్మను. మావాళ్ళు మాకే చల్లరు. బస్తానే చిరిగి ఉంటుంది, దాన్ని మర్చిపో. ఎలుకల సంగతి అది కాదు. మీ గోదాములో ఎవడో చేతకానివాడు మందు పెట్టాడు. సరైన మోతాదు పడితే ఎలుక కన్నంలోనే పోతుంది. సగం మోతాదు పడిందే దాహంతో బయటికొచ్చి తూలుతుంది. వాడు మొదలుపెట్టిన పని నువ్వు పూర్తిచెయ్యాలి.

ఒక్కటి మిగలకూడదు. కర్ర పట్టుకో, తూలుతున్నదాన్ని తూలుతున్నచోటే కొట్టు. చచ్చినవాటిని పారేయకు. తోకకి దారం కట్టి, ఇంట్లో ఉన్న కన్నాల నోటి దగ్గర ఒక్కోటి వేలాడదీయి. తోటిది చచ్చి వేలాడుతున్న దారిన ఎలుక రాదు. నాన్న పద్ధతి, ఎప్పుడూ తప్పలేదు. నువ్వొక్కదానివే చేస్తే పక్కింటికి పోయి మళ్ళీ వస్తాయి, అందుకని వీధంతా ఒకేసారి చేయండి. బావకి ఎలాగూ తూచడానికి ఏమీ లేదు, కర్ర వాడి చేతికివ్వు.

ఇక్కడ నాకు ఎలుకలు చాలడం లేదు. డాక్టరు ఇంకా ఇంకా అంటున్నాడు. చుట్టుపక్కల వాళ్ళకి బోను చేయడం నేర్పుతున్నాను. ఈ వయసులో నాకు శిష్యులు!

ఈల అందింది. చెవికి ఇంపుగా ఉంది.

నీ
అన్నయ్య


ఏప్రిల్ 30

మా వీధివీధంతా పూటకోసారి తలుచుకుంటున్న అన్నయ్యకి,

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాం. నీ ఉత్తరం అరుగు మీద నిలబడి గట్టిగా చదివాను (బడి సంగతి వదిలేసి చదివాన్లే, పరువు పోతుందని). ఆ సాయంత్రమే ప్రతి ఇంట్లోంచీ కర్ర చప్పుడు. బావకి ఇన్నాళ్ళకి చేతినిండా పని దొరికింది. వీధికి సేనాపతిలా తిరిగాడు. కొట్టినవాటిని చేత్తో ఏరి, గంపలో వేసి, ఇంటింటికీ తనే పంచాడు. కన్నానికొకటి వేలాడుతోంది. మా వంటింట్లో మూడు, బుజ్జిది పడుకునే గదిలో రెండు. వాసన భరించలేకపోయినా నిజంగానే కొత్త ఎలుక రావడం లేదు. ఇస్త్రీ చేసే ఆవిడ "మీ అన్నయ్యగారికి పెళ్ళయిందా?" అని అడిగింది. టోపీ సంగతి చెప్పాను, మోకాళ్ళ సంగతి చెప్పలేదు.

ఒక్కటే చికాకు. ఇల్లంతా ఏవో నల్లటి చిన్న పురుగులు గెంతుతున్నాయి. కాళ్ళ నిండా దద్దుర్లు. వేసవి కదా, ఏటా ఏదో ఒకటి ఉంటుంది.

ఎదురింటి చెప్పులు కుట్టే ఆయన హఠాత్తుగా జ్వరం వచ్చి పోయాడు. గుండె అన్నారు. బావకి కూడా నిన్నటినుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది, గజ్జల్లో బిళ్ళ కట్టింది. వంగి వంగి కర్ర ఆడించాడు కదా, నరం పట్టేసి ఉంటుంది. "సేనాపతికి గాయం కాకపోతే ఎలాగే" అంటున్నాడు.

ఇంకో మాట. గోధుమల విషయంలో మీవాళ్ళని నువ్వు అంత తీసిపారేయకు. అటువైపు కూడా అన్నదమ్ములున్నారు. ఎవడో ఒకడు ఇక్కడున్న అక్కనో చెల్లెలినో తలుచుకుని బస్తా విప్పి ఉంటాడని నేను వీధిలో అందరికీ చెబుతున్నాను. మొదట నవ్వారు గాని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. యుద్ధం వచ్చాక మీ గురించి ఇక్కడ ఒక మంచి మాట అనుకోవడం ఇదే మొదలు.

నీ
పిడుగు


మే 6

చెల్లీ,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేను. ఇది అందగానే, చదువుతున్నచోటు నుంచే లేచి చెప్పింది చెయ్యి.

ఎలుకల్ని చంపొద్దు. చచ్చినవాటి దగ్గరికి పోవద్దు. కన్నాల దగ్గర పెట్టమని చెప్పాను, పెట్టి ఉంటే ముట్టుకోకుండా ఇల్లు వదిలేయండి. బుజ్జిదాన్నీ బావనీ తీసుకుని గోదాముకి దూరంగా, ఆరుబయటికి పోండి. వీధిలో అందరికీ చెప్పు.

ఎందుకో చెబుతాను. ఎండ మండిపోయి, నిన్న నా బోన్లలో కొన్ని ఎలుకలు దారిలోనే చచ్చిపోయాయి. గేటు దగ్గర డాక్టరు వాటిని చూసి నా మీద అరిచాడు. "చచ్చినవి నాకెందుకు ముసలాయనా? ఒళ్ళు చల్లబడగానే పురుగులన్నీ దిగిపోతాయి. వెచ్చటి ఒళ్ళు వెతుక్కుంటాయి. నీ ఒళ్ళు, నా ఒళ్ళు, ఏది దొరికితే అది. దూరంగా తీసుకుపో!" ఎలుక బొచ్చులో గెంతే ఆ నల్ల పురుగులున్నాయే, అవి. నాన్నకీ తెలుసు, నాకూ తెలుసు, గోక్కుని ఊరుకునేవాళ్ళం. "వాటికంత భయమెందుకు బాబూ?" అన్నాను. "అవి మామూలు పురుగులైతే భయం లేదు" అని నోరు జారాడు.

అప్పుడే లోపల్నుంచి లారీ వస్తోందని గేటు తెరిచారు. మొదటిసారి లోపలికి చూశాను. ఎండలో తెరిచి పెట్టిన తొట్లు. వాటిలో గోధుమలు, గుడ్డ పీలికలు, దూది ఉండలు. ముక్కూ నోరూ కట్టుకున్న మనుషులు వాటిని పొడుగాటి పారలతో కలుపుతున్నారు.

మీ వీధిలో నువ్వు చూసినవే, చెల్లీ. వాటి గురించి నువ్వు నాకు రాశావు. బస్తా చిరిగి ఉంటుందని నేను నీకు రాశాను.

నా ఎలుకల మీద ఆ పురుగుల్ని పెంచుతున్నారు. ప్లేగు ఎక్కించి, గింజల్లో కలిపి మీ మీద చల్లారు. గింజల కోసం మీ ఎలుకలు వచ్చాయి, పురుగులు వాటికి పట్టాయి. అవి తూలింది మందు తిని కాదు. వాటిని చంపితే పురుగులు మనుషుల మీదికి దిగుతాయి. నేను నిన్ను చంపమన్నాను. ఇంట్లో వేలాడదీయమన్నాను.

తిట్టు, తర్వాత తిట్టు. ముందు ఇల్లు వదులు.

అన్నయ్య


మే 14

అన్నయ్యకి,

ఓడ రేవులోకి రావడం లేదు, దూరంగా ఆగిపోయింది. చేపల పడవవాడి చేతికిచ్చి, మన వంటవాడికి అందించమన్నాను. అందుతుందో లేదో.

బావ పోయాడు. జ్వరం వచ్చాక ఎక్కువ రోజులు లేడు. చివర్లో నన్ను గుర్తుపట్టలేదు, కాటా పళ్ళెంలో నుంచి దిగమని ఎవరినో బతిమాలుతున్నాడు. ఒళ్ళు కడగడానికి ఎవరూ రాలేదు, నేనే కడిగాను. మోయడానికీ ఎవరూ రాలేదు. ఇస్త్రీ ఆవిడా నేనూ ఆవిడ బట్టల బండి మీద వేసుకుని తీసుకెళ్ళాం. మర్నాటికి ఆవిడ కూడా పడుకుంది. నీ పెళ్ళి సంగతి అడిగింది ఆవిడే, రాశానుగా.

బుజ్జిది బాగానే ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది, గంటకోసారి ముట్టుకు చూస్తున్నాను. "తాతయ్య కోసం ఈల వెయ్యనా?" అంటుంది. వద్దని చెప్పలేక వెయ్యమంటున్నాను.

వీధిలో సగంమంది ఊరవతల ఇటుక బట్టీల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆరుబయట పడుకుంటున్నారట. నన్నూ రమ్మన్నారు, బండి కూడా ఆపారు. నేను వెళ్ళలేదు. "మా అన్నయ్యకి రాశాను, జవాబు వస్తుంది, ఎలకల సంగతి వాడికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు" అని చెప్పాను. పోయినసారి వాడు చెప్పినట్టు చేస్తేనే కదా ఎలుకలు ఆగాయి అన్నాను. ఇంట్లోవి ఎండిపోయాయి, పాతవి తీసి కొత్తవి కట్టాను.

ఇక్కడే ఉండాలో, వెళ్ళాలో, నువ్వు చెప్పు. పెద్దవాడివి నువ్వొక్కడివే మిగిలావు నాకు. నువ్వు చెప్పేదాకా ఇల్లు కదలను.

నీ చెల్లెలు


మే 28

చెల్లీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. వాటితో పాటు నేను ఆరో తారీకున రాసిందీ వెనక్కి వచ్చింది. పిండి కూడా దులపకుండా అలాగే నా చేతిలో పెట్టాడు వంటవాడు. "ఓడని రానివ్వలేదన్నయ్యా. పడవవాడు గడకర్ర చివర ఉత్తరాలు కట్టి అందించాడు గాని, మేమిచ్చింది పుచ్చుకోలేదు, ఒడ్డున సైనికులు కాలుస్తారని భయపడ్డాడు" అన్నాడు. మీ ఊరి చుట్టూ మీవాళ్ళే కాపలా పెట్టారట. లోపలివాళ్ళు బయటికి రాకుండా.

నన్ను ఎక్కించుకోమన్నాను. "ఎక్కించుకుని ఎక్కడ దించను?" అన్నాడు. వాడి కాలర్ పట్టుకున్నాను. పాపం, వదిలించుకోలేదు, నేను వదిలేదాకా అలాగే నిలబడ్డాడు.

ఇక్కడ నేను చేయగలిగింది చేశాను. అది ఇంతే. ఎలుకలు పట్టడం మానేశాను. గేటు దగ్గర వరస తగ్గలేదు. నేను బోను చేయడం నేర్పినవాళ్ళందరూ అందులో నిలబడి ఉన్నారు, నన్ను చూసి జరిగి చోటిచ్చారు. డాక్టరు కాళ్ళు పట్టుకుని, "అవతల నా చెల్లెలుంది బాబూ" అన్నాను. "అవతలివాళ్ళు మా తమ్ముణ్ణి చంపారు పెద్దాయనా, శవం కూడా ఇవ్వలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. నన్ను లేపి, కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించాడు. ఆ తర్వాత గేటు దాకా దిగబెట్టి, టోపీ తీసుకున్నాడు.

టీకొట్టు దగ్గర అందరికీ చెప్పాను, ఆ ఫ్యాక్టరీలో ఏం జరుగుతోందో. అరుస్తారనుకున్నాను, కనీసం భయపడతారనుకున్నాను. "వాళ్ళు మన మీద వెయ్యకముందే మనం వేశాం, మంచిదేగా" అన్నాడొకడు. మంగలి మాత్రం నన్ను పక్కకి పిలిచి, "మీ చెల్లెలు అక్కడెందుకుంది?" అని అడిగాడు. పెళ్ళయిందన్నాను. "అయితే ఆవిడ వాళ్ళమనిషే కదా" అన్నాడు, నన్ను ఓదార్చడానికి.

గోధుమలు ఎవరో అన్న చెల్లెలిని తలుచుకుని చల్లాడని వీధిలో చెప్పానన్నావు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

ఈ ఉత్తరం వాడికే ఇస్తున్నాను. రేవు తెరిచిన రోజు మొదట దిగేది తనేనని ఒట్టేశాడు. అది ఏ రోజో వాడికీ తెలియదు. నువ్వు చదివేది ఎప్పుడో నాకు తెలియదు. బట్టీలకి దారి ఇంకా ఉందో, మూసేశారో అదీ తెలియదు. నాకు తెలిసింది నువ్వు గుమ్మంలో కూచుని ఉన్నావని ఒక్కటే.

చెప్పమన్నావు. చెబుతున్నాను.

లే. బుజ్జిదాన్ని ఎత్తుకో. ఒంటి మీదున్నవి తప్ప బట్టలేమీ వద్దు, బావ వస్తువులు వద్దు, దాని దుప్పటి అడిగితే అదీ వద్దు. తలుపు వేయడానికి వెనక్కి వెళ్ళకు. బండి లేకపోతే నడు. ఇటుక బట్టీల దాకా ఎక్కడా కూచోకు.

పెద్దవాణ్ణి, నేను చెబుతున్నాను. కదులు.

అన్నయ్య